లంక రైతు పడవకు తగిన బయటి ఇంజను

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగా చీలును. పి. గన్నవరము వద్ద వసిష్ఠ నుండి వైనతేయ విడివడును. ఈ పాయల నడుమ వండ్రు మేటలు వేసి ఏర్పడిన లంక భూములు ఎంత సారవంతములో రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. అరటి, కంద, వంగ, మిరప, మొక్కజొన్న, కొబ్బరి, ఏది వేసినను లంక నేల కాదనదు. అయితే లంకలో పంట పండించుట ఒక ఎత్తు, దానిని వాడకుండ, నలగకుండ, సంత వేళకు రేవు దాటించుట ఒక ఎత్తు. తెల్లవారుజామున కోసిన కూర ఎండ ముదిరిన తరువాత ఒడ్డు చేరినచో ఎకరమునకు ఎన్ని బస్తాల ఎరువు వేసిననేమి?

సస్యశాస్త్రము బోధించువాడు ఇంజనుల గూర్చి వ్రాయుట ఏమని కొందరికి తోచవచ్చును. లంక గ్రామములకు మేము క్షేత్ర ప్రదర్శనలకు పోయినప్పుడు రైతులు పురుగుమందుల తరువాత ఎక్కువగా అడుగు ప్రశ్న ఇదే: "పడవకు ఇంజను పెట్టదలచితిమి, ఎన్ని గుఱ్ఱాలది కొనవలెను?" అమ్మువారు సాధారణముగ పెద్దదానినే చూపుదురు. పక్క ఊరిలో ఎవరో పాతిక గుఱ్ఱాల ఇంజను పెట్టినారని తానును అదే కొని, సంవత్సరము తిరుగకముందే పెట్రోలు ఖర్చు భరింపలేక దానిని పాకలో పడవేసిన రైతులు ఒకరిద్దరు కారు. ఇంజను పడవకు తగినది కావలెను గాని, పక్కవాని ఇంజనుకు తగినది కానక్కరలేదు. ఆ తగుట యెట్లో లెక్కతో సహా ఇందు వివరించబడినది.

పడవ బరువు, పడవ వేగము

ముందుగా తెలియవలసినది పడవ నిండు బరువు. రైతులు సాధారణముగ సరకు బరువునే చెప్పుదురు. ఇంజను మోయవలసినది సరకును, పడవను, మనుష్యులను, తన్నును కూడ. నీటి మీద 7 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు గల కఱ్ఱ నావను తీసికొందము. ఖాళీ నావ 600 కిలోలు. 15 కిలోల అరటి గెలలు 60 వేసినచో 900 కిలోలు. నలుగురు మనుష్యులు 260 కిలోలు. ఇంజను, పెట్రోలు తొట్టి, త్రాళ్లు, గడలు కలిపి 80 కిలోలు. వెరసి 1,840 కిలోలు, అనగా రెండు టన్నులకు కొంచెము తక్కువ.

కాటా లేకుండ ఈ బరువును తెలిసికొను తేలిక ఉపాయము కూడ కలదు. నీటి మట్టమున నావ పొడవును వెడల్పుతో గుణించి, నావ రెండు కొనలు సన్నగిలుట చేత దానిలో పదింట ఏడు వంతులు మాత్రమే తీసికొనవలెను. మన నావకు ఇది సుమారు 7.35 చదరపు మీటర్లు. నావ ఒక్క సెంటీమీటరు అదనముగ మునిగినచో సుమారు 73 కిలోల బరువు ఎక్కినదని అర్థము. ఖాళీ నావ మునిగిన మట్టమున ఒక గీత, నిండు బరువునకు తగిన మట్టమున ఇంకొక గీత రంగుతో వేసికొన్న రైతు ఎవ్వరిని అడుగకుండనే బరువు చెప్పగలడు. పై గీత నీటిలో మునిగిన వెంటనే ఇంకొక గెల కూడ వేయరాదు. ఇంజను పెట్టిన తరువాత ఈ గీత మరింత అవసరము, ఏలనన ఇంజను బలము చూచి సరకు పెంచుట మానవ సహజము. ఇంజను నావను తోయునే గాని తేల్చదు.

ఇక వేగము. బరువు మోయు నావ నీటిని చీల్చుకొని పోవును. ముందు ఒక అల, వెనుక ఒక అల లేచి, ఆ రెంటి నడుమ నావ చిక్కుకొనును. ఈ స్థితి వచ్చిన తరువాత ఎంత బలము పెట్టినను వేగము పెరుగదు. వెనుక భాగము దిగబడి ముందు భాగము లేచును, అంతే. ఈ హద్దు నావ పొడవును బట్టి యుండును. నీటి మీది పొడవును మీటర్లలో కొలచి, దాని వర్గమూలమును నాలుగున్నర చేత గుణించినచో గంటకు ఎన్ని కిలోమీటర్లో వచ్చును. 7 మీటర్ల నావకు ఇది సుమారు 12 కిలోమీటర్లు. 9 మీటర్ల నావకు పదమూడున్నర. 5 మీటర్ల దోనెకు 10. ఫైబరుతో చేసిన తేలిక పడవలు, అడుగు చదునుగా నుండి బరువు తక్కువగా ఉన్నప్పుడు, ఈ హద్దు దాటి నీటి మీదికెక్కి జారిపోగలవు. చేపల వేట పడవలు అట్లు పోవుట చూచి మన నావయు పోవునని భ్రమపడరాదు. అరువది అరటి గెలలతో ఏ నావయు నీటి మీదికెక్కదు.

కావున ఎన్ని గుఱ్ఱాలు? నిలకడ నీటిలో నిండు బరువు టన్నునకు రెండు మూడు అశ్వశక్తులున్న చాలును. మన రెండు టన్నుల నావకు నాలుగు నుండి ఆరు. దీనికి ఏటి వడిని, ఎదురు గాలిని, ఇంజను పాతబడుటను ఎంచి కొంత కలుపుకొన్నచో ఎనిమిది, లేక బజారులో సులభముగ దొరకు 9.9 అశ్వశక్తుల ఇంజను సరిపోవును. ఇదే నావకు 25 అశ్వశక్తులది పెట్టినచో 12 కిలోమీటర్ల వేగము 30 కాదు. మహా అయిన 13 కావచ్చును. ఖర్చు మాత్రము తప్పక పెరుగును, ఇరువది కిలోల అదనపు బరువు నావ వెనుక భాగమున వ్రేలాడును.

ఏటి వడిని కొలుచుట

ఎన్నుకొనుటలో రెండవ లెక్క ఏటి వడి. చాలమంది దీనిని కంటితో అంచనా వేయుదురు, కన్ను మోసపోవును. ఒడ్డు వెంబడి 100 మీటర్ల దూరమున రెండు గుంజలు పాతి, ఎగువ గుంజ ఎదుట ఒక పచ్చి కొబ్బరి బొండమును ఏటి నడుమ ధారలో వదలవలెను. బొండము నీటిలో చాల భాగము మునిగియుండుట చేత గాలికి కొట్టుకొని పోదు. అది దిగువ గుంజకు చేరుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో చూచి, 360ని ఆ సంఖ్య చేత భాగించినచో గంటకు ఎన్ని కిలోమీటర్ల వడియో తెలియును. 60 సెకండ్లు పట్టిన 6 కిలోమీటర్లు. 45 సెకండ్లు పట్టిన 8. దీనిని ఎండకాలములో ఒకసారి, శ్రావణ భాద్రపదములలో నీరు ఎఱ్ఱబడి వచ్చునపుడు ఒకసారి కొలచి వ్రాసికొనవలెను.

ఇప్పుడు ఒక కిలోమీటరు వెడల్పు గల పాయను దాటుట చూతము. నావ వేగము గంటకు 10, ఏటి వడి 6. సూటిగ ఎదుటి ఒడ్డునకు ముక్కు పెట్టి నడిపినచో ఆరు నిమిషములలో దాటును గాని, రేవునకు 600 మీటర్ల దిగువను తేలును. రేవు వద్దనే తేలవలెనన్న ముక్కు ఎగువకు వంచి నడుపవలెను. అప్పుడు ఏడున్నర నిమిషములు పట్టును. సరకు హెచ్చయి, ఇంజను పాతదై, నావ వేగము ఎనిమిదికి పడిపోయినచో అదే దాటుటకు పదకొండు నిమిషములు పైబడును. ఏటి వడియే పదికి పెరిగినప్పుడు పది కిలోమీటర్ల నావ ఎంత వంచినను రేవునకు తేలలేదు, కొంతైనను దిగువకు పోవలసినదే. ఇది ఇంజను లోపము కాదు, లెక్క. ఇట్టి రోజున పెద్ద ఇంజనును నమ్మి బయలుదేరుటకంటె బయలుదేరకుండుట మేలు, ఏలనన నావ వేగపు హద్దు ఇంజను చేతిలో లేదని పైన చూచితిమి.

2018 జూలై 14న గౌతమి పాయ మీద పశువుల్లంక వద్ద బడి పిల్లలు ఇండ్లకు వచ్చుచున్న పడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి తిరగబడినది. పిల్లలు పోయినారు. నీరు వడిగా పారునపుడు స్తంభముల వైపునకు, కట్టివేసిన పంటుల వైపునకు పడవ ఈడ్చుకొని పోవును. అట్టి అడ్డు రేవునకు దిగువను ఉన్నచో, ఇంజను మధ్యలో ఆగినను దానిని తగులకుండ దాటగలిగినంత ఎగువ నుండి బయలుదేరవలెను. తెడ్లు, గడ, లంగరు, త్రాడు ఇంజను వచ్చినంత మాత్రమున ఒడ్డున పెట్టవలసినవి కావు.

వెనుక పలక, షాఫ్టు పొడవు

బయటి ఇంజనులు సాధారణముగ రెండు పొడవులలో వచ్చును. పొట్టి షాఫ్టు 15 అంగుళములు, పొడుగు షాఫ్టు 20 అంగుళములు. ఇది ఇంజను తగిలించు పలక పై అంచు నుండి నావ అడుగు వరకు గల ఎత్తునకు సరిపోవలెను. పంకా, అనగా ప్రొపెల్లరు, పైన ఒక చదునైన రేకు ఉండును. ఆ రేకు నావ అడుగునకు సమముగనో, ఒక అంగుళము క్రిందుగనో ఉన్నచో సరియైన అమరిక. షాఫ్టు పొట్టిదైనచో పంకా గాలి పీల్చి, ఇంజను గొంతు చించుకొని అరచును గాని నావ కదలదు. పొడుగైనచో నీటి ఈడ్పు హెచ్చును, ఇసుక తిప్పల మీద మొదట తగులునది పంకాయే అగును. కొనుటకు పోవునపుడు పలక ఎత్తును టేపుతో కొలచి కాగితము మీద వ్రాసికొని పోవలెను. "మామూలు పడవే" అని అంగడిలో చెప్పిన లాభము లేదు.

మన నావలలో చాల వానికి వెనుక పలకయే లేదు. రెండు కొనలును కోసుగనే యుండును. ఇంజనులు విదేశములలో వెనుక పలక గల పడవల కొఱకు చేయబడినవి. కోసు నావకు వానిని తగిలించుటకు మూడు దారులు గలవు. ఒకటి, నావ ప్రక్కకు ఒక బల్ల బిగించి దాని మీద తగిలించుట. ఇది చౌక. కాని తోపు నడిమి నుండి గాక ప్రక్క నుండి వచ్చుటచే నావ ఒక వైపునకు తిరుగుచుండును, చుక్కానిని ఎప్పుడును వ్యతిరేకముగ పట్టవలసి వచ్చును. రెండవది, వెనుక కొనను కోసి పలక వేయించుట. వడ్రంగి మంచివాడైనచో ఇది ఉత్తమము. అయితే లోపల మోకాలు బద్దలు వేసి బలము చేయక వట్టి పలక వేసినచో ఒక వర్షాకాలములోనే అతుకులు విడి నీరూరును. మూడవది, పొడుగు తోక ఇంజను. దీనిని గూర్చి క్రింద చెప్పెదము.

ఎట్లు తగిలించినను ఇంజను మరలను నమ్ముకొనరాదు. పలక గుండ మేకులు పోనిచ్చి, వెనుక ఇనుప రేకు వేసి నట్లు బిగించి, పైగా ఒక గొలుసుతో ఇంజనును నావకు కట్టవలెను. మర వదులైనచో ఇంజను ఏటి పాలు.

ఇంజను రకములు

రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను తేలిక, విడి భాగములు తక్కువ, పల్లెటూరి మెకానిక్కు కూడ విప్పి బిగింపగలడు. పెట్రోలులో నూనె కలిపి వాడవలెను. 50కి 1 అని పుస్తకములో ఉన్నచో లీటరునకు 20 మిల్లీలీటర్లు. చేతి అంచనాతో కలుపు అలవాటు మానవలెను. నూనె తక్కువైన పిస్టను పట్టివేయును, ఎక్కువైన ప్లగ్గు మసిబారును. దీని దోషము తిండి హెచ్చు. పూర్తి బలము మీద అశ్వశక్తికి గంటకు అరలీటరునకు పైగా త్రాగును. కాలని నూనె కొంత నీటిలోనే కలియును, ఆ నీటిలోనే మనము చేపలు పట్టుచున్నాము.

నాలుగు స్ట్రోకులది అశ్వశక్తికి గంటకు సుమారు 0.4 లీటరుతో సరిపెట్టుకొనును. చప్పుడు తక్కువ, నూనె వేరుగ ఉండును. 9.9 అశ్వశక్తులది సుమారు 40 కిలోల బరువుండును. రాత్రి దొంగల భయము వలన ఇంజనును ఇంటికి మోసికొని పోవు రైతులు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. దీనిని పుస్తకములో చూపిన ప్రక్కకే పండబెట్టవలెను, లేనిచో నూనె సిలిండరులోనికి పారును. రోజును రెండు మూడు సార్లు దాటువారికి ఇదియే మేలని నా అభిప్రాయము. వెల హెచ్చే గాని, ఆ హెచ్చు పెట్రోలులో తిరిగి వచ్చును. వారమునకు ఒకసారి దాటువారికి అట్లు తిరిగి రాదు. వారికి రెండు స్ట్రోకులది, బాగున్న పాతదైనను, చాలును.

కిరసనాయిలు ఇంజను సముద్రపు వేటగాండ్రలో ఎక్కువగ వాడుక. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కిన తరువాత కిరసనాయిలునకు మార్చి, ఆపుటకు ముందు మరల పెట్రోలు మీద కొంతసేపు నడపవలెను. ఆ చివరి పని మానివేసిన మరునాడు ఇంజను కదలదు. అయిదు పది నిమిషముల దాటుడునకు ఈ మార్పిడి గడబిడ పనికిరాదు. పైగా చౌకధరల దుకాణములలో కిరసనాయిలు మునుపటివలె దొరకుట లేదు. లంక రైతులకు దీనిని నేను సూచింపను.

పొడుగు తోక ఇంజను అనునది వేరు జాతి. గాలితో చల్లబడు చిన్న డీజిలు లేక పెట్రోలు ఇంజను నావ పైననే ఉండును. దానికి పొడుగాటి ఇనుప కడ్డీ తగిలించి, కొనను పంకా పెట్టుదురు. కొనను నీటిలో ముంచి నడుపుదురు, ఇసుక తిప్ప రాగానే పైకెత్తుదురు. కోసు నావకు ఇది అనువు, లోతు లేని చోట దీనికి సాటి లేదు. డీజిలుదైనచో అశ్వశక్తికి గంటకు పావు లీటరుతో నడచును. చల్లార్చుటకు ఏటి నీరు పీల్చదు గనుక వండ్రు బాధ లేదు. పొలములో పంపుసెట్టు బాగుచేయు మెకానిక్కే దీనిని బాగుచేయును. దోషములు: చెవులు గింగురుమను చప్పుడు, బరువు, వెనుకకు నడుచు గేరు సాధారణముగ ఉండకపోవుట, తిరుగుచున్న కడ్డీ మనుష్యుల దాపున ఉండుట. కడ్డీకి తొడుగు లేనిదానిని కొనరాదు. పంచె అంచు, చీర కొంగు దానికి చుట్టుకొన్నచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఎండకాలమున నీరు చీలమండ లోతునకు దిగిపోవు పాయలలో తిరుగువారు వెల చూడక దీనినే తీసికొనవలెను. ఒక్క జాగ్రత్త: పొలములోని పాత బరువు డీజిలు పంపుసెట్టును నావ మీదికెక్కించు ప్రయత్నము చేయరాదు. అది క్వింటాలు పైబడి తూగును, అంత బరువు అంచున ఉన్న నావ చిన్న అలకే ఒరుగును.

విద్యుత్తు ఇంజనులు ఇటీవల వచ్చుచున్నవి. చిన్న దోనెకు, కొద్ది దూరమునకు ఇవి పనికివచ్చును. లెక్క చూడుడు: ఒక అశ్వశక్తి 746 వాట్లు. మూడు అశ్వశక్తులను పావుగంట వాడినచో సుమారు 560 వాట్ల గంటలు, అనగా అర యూనిటు దాటి కరెంటు ఖర్చగును. 12 వోల్టుల, 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో 1,200 ఉండును గాని, సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడినచో త్వరగ పాడగును. కావున ఒక సీసపు బ్యాటరీ ఒక్క దాటుడునకే సరి. లిథియము బ్యాటరీ తేలిక, ఎక్కువ భాగము వాడుకొనవచ్చును, వెల మాత్రము చాల హెచ్చు. వరద ధారకు ఎదురు నిలుచుటకు ఇప్పుడు దొరకు చిన్న విద్యుత్తు ఇంజనులు చాలవు.

పెట్రోలులో ఇథనాలు

ఈ విషయమును అంగడివారు ఎవ్వరును చెప్పరు. మన దేశములో పెట్రోలులో కలుపు ఇథనాలు 2025 నాటికి 20 శాతమునకు చేరినది. చెఱకు, మొక్కజొన్న పండించు రైతునకు ఇది మంచి వార్తయే. కాని ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నీరు హెచ్చినపుడు పెట్రోలు నుండి విడివడి తొట్టి అడుగునకు చేరును, ఇంజను మొదట పీల్చునది ఆ అడుగుదే. అనేక బయటి ఇంజనుల పుస్తకములలో 10 శాతము వరకే అనుమతి అని వ్రాసియుండును. కొనునపుడు ఈ సంగతిని అడిగి, 20 శాతమునకు తగునని బిల్లు మీద వ్రాయించుకొనవలెను. పాత ఇంజను గలవారు రబ్బరు గొట్టములను సంవత్సరమునకు ఒకసారి చూచి మార్చవలెను, నీటిని వేరుచేయు ఫిల్టరు ఒకటి తగిలించవలెను. వాడని రోజులలో కార్బురేటరును ఖాళీ చేయవలెను. వర్షాకాలమంతయు తొట్టిలో పాత పెట్రోలు నిలువ ఉంచరాదు.

పంకా

ఇంజనును సరిగ ఎన్నుకొన్న రైతులు కూడ పొరపడునది ఇచ్చటనే. పంకా మీద రెండు సంఖ్యలు అచ్చువేసి యుండును. మొదటిది అడ్డుకొలత, రెండవది పిచ్, అనగా జారుడు లేకున్నచో ఒక్క చుట్టునకు ముందుకు పోవు అంగుళములు. 9 అంగుళముల పిచ్ గల పంకాను తీసికొందము. ఇంజను నిమిషమునకు 5,500 చుట్లు తిరిగి, గేరులో అది సగమైనచో, పంకా 2,750 చుట్లు తిరుగును. జారుడు లేకున్న గంటకు సుమారు 38 కిలోమీటర్లు పోవలెను. మన నావ హద్దు 12. అనగా ఈ పంకా తేలిక పడవకు చేసినది, మన నావకు కాదు. ఎద్దుల బండికి కారు చక్రము తొడిగినట్లు అగును. దీనితో ఇంజను తన చుట్లు అందుకొనలేక మూలుగును, వేడెక్కును, పొగ విడుచును.

బరువు నావకు అడ్డుకొలత వీలైనంత పెద్దదిగ, పిచ్ చిన్నదిగ, ఆరు ఏడు అంగుళములలో ఉండవలెను. పిచ్ ఒక అంగుళము తగ్గించినచో ఇంజను చుట్లు సుమారు 200 పెరుగును. నిండు సరకుతో పూర్తి బలము మీద నడిపి చుట్లు కొలచు మీటరు పెట్టి చూచినపుడు, ఇంజను పుస్తకములో చెప్పిన హద్దులలో చుట్లు రావలెను. తక్కువైనచో పిచ్ తగ్గించవలెను. కొన్ని కంపెనీలు బరువు పడవల కొఱకే ఎక్కువ తగ్గింపు గేరు, పెద్ద పంకా గల ఇంజనులు చేయుచున్నవి. దొరకినచో అదే తీసికొనవలెను.

నడుపు తీరు కూడ ఖర్చును మార్చును. ఇంజను చుట్లను అయిదింట ఒక వంతు తగ్గించినచో అది వాడు బలము సుమారు సగమగును. రెండు కిలోమీటర్ల దారిలో మన నావను పూర్తి బలము మీద 12 కిలోమీటర్ల వేగమున నడిపినచో పది నిమిషములు, రమారమి 0.67 లీటరు. తగ్గించి 10 కిలోమీటర్ల మీద నడిపినచో పన్నెండు నిమిషములు, 0.44 లీటరు. రెండు నిమిషముల ఓపికకు మూడవ వంతు పెట్రోలు మిగులును. దినమునకు నాలుగు మారులు తిరుగువాడు సంవత్సరమునకు ఎంత మిగుల్చునో తానే లెక్క వేసికొనగలడు.

ఇసుక, గుఱ్ఱపు డెక్క, ఉప్పు

నీటితో చల్లబడు ఇంజనులో ఒక రబ్బరు రెక్కల పంపు ఉండును. వరద నీటిలోని ఇసుక ఆ రెక్కలను అరగదీయును. ఇంజను నడుచునపుడు ప్రక్కనుండి సన్నని నీటి ధార వచ్చుచుండవలెను. అది సన్నగిలినచో వెంటనే ఆపవలెను. నీరు లేకుండ ఒక్క నిమిషము నడిపినను ఆ రబ్బరు కాలిపోవును. కొత్త ఇంజనును ఇంటి వాకిట మ్రోగించి బంధువులకు చూపు వారు ఇది గమనించవలెను. గుఱ్ఱపు డెక్క వేళ్లు పంకాకు చుట్టుకొని, నీరు పీల్చు రంధ్రములను మూయును. డెక్క గుంపులను దాటునపుడు ఇంజను ఆపి, పైకెత్తి, గడతో తోసికొని పోవుటయే ఉత్తమము. చిన్న ఇంజనులలో పంకా దేనికైన తగిలినపుడు గేరు విరుగకుండ ఒక చిన్న పిన్ను తానే తెగును. అట్టి పిన్నులు రెండు మూడు, ఒక ప్లగ్గు, ప్లగ్గు తీయు పానా, పటకారు నావలో ఎప్పుడును ఉండవలెను. దిగువ పాయలలో ఎండకాలమున పోటు వెంట ఉప్పు నీరు వచ్చును. అచ్చట తిరిగిన ఇంజనును సాయంత్రము మంచి నీటి తొట్టిలో అయిదు నిమిషములు నడిపినచో లోపలి ఉప్పు కడుగుకొని పోవును.

చట్టము, వరద హెచ్చరికలు

తెడ్డు పడవకు ఇంజను బిగించగానే అది చట్టము దృష్టిలో యాంత్రిక నౌక యగును. 1917 నాటి పాత చట్టమునకు బదులు 2021లో దేశీయ జలనౌకల చట్టము వచ్చినది. దీని ప్రకారము యాంత్రిక నౌకకు పరీక్ష, రిజిస్ట్రేషను కావలెను. ఇంజను కొనుటకు ముందే విచారించుట మంచిది. సొంత సరకునకు కొన్న నావలో కూలి తీసికొని మనుష్యులను దాటించుట వేరు బాధ్యత. ఆ పని తలపెట్టువారు ప్రాణరక్షణ కోట్లు లేకుండ తలపెట్టరాదు. ఇంజను ఆపు త్రాడును, నడుపువాని మణికట్టునకు తగిలించునది, అలంకారముగ వ్రేలాడదీయరాదు. నడుపువాడు నీటిలో పడినపుడు పంకా ఆగుట ఆ త్రాటి వలననే.

ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 వద్ద రెండవది, 17.75 వద్ద మూడవది ఎగురవేయుదురు. మొదటి హెచ్చరిక నాడే సరకు దాటించుట ముగించవలెను. కొబ్బరి బొండముతో కొలచిన వడి నావ వేగములో సగము దాటినపుడు, హెచ్చరిక ఉన్నను లేకున్నను, నిండు సరకుతో దిగరాదని నా సలహా. అరటి గెలలు రెండు రోజులు చెట్టున నిలువగలవు.

కొనునపుడు మీ ఊరికి పది పదిహేను కిలోమీటర్లలో విడి భాగములు దొరకు అంగడి, ఆ ఇంజను తెలిసిన మెకానిక్కు ఉన్నారా అని ముందుగా చూడవలెను. ఎంత మంచి ఇంజనైనను పంపు రబ్బరు కొఱకు నెల దినములు ఎదురుచూడవలసి వచ్చినచో అది కోతల వేళ అక్కరకు రాదు. అమ్మువానిని మీ రేవునకే పిలిచి, మీ నావకే తగిలించి, నిండు సరకు గీత వరకు ఇసుక బస్తాలు వేసి, 100 మీటర్ల గుంజల నడుమ ఎదురేటికి ఒకసారి, వాలుకు ఒకసారి నడిపించి కాలము చూడవలెను. రెండింటి వేగముల సగటు మీ నావ హద్దునకు ఇంచుమించుగ వచ్చి, చుట్లు పుస్తకములోని హద్దులలో ఉన్నచో, మిగిలిన సొమ్ము అప్పుడు చెల్లించవలెను.